లెక్కకు రాని రోగం, అడగని అంగీకారం

స్త్రీల ఆరోగ్యం మీద మనం పెట్టుకునే సమావేశాల్లో రక్తహీనత, కాన్పు మరణాలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, గర్భసంచి తీసివేతలు చర్చకు వస్తాయి. పీయూష గ్రంథి మాట రాదు. పిట్యూటరీ అని డాక్టర్లు పిలిచే ఈ గ్రంథి మెదడు అడుగున, రెండు కళ్ళ నరాలు కలిసే చోటుకి కాస్త కిందగా ఉంటుంది. సైజు శనగ గింజంత. కానీ నెలసరి రావడం, పాలు పడటం, థైరాయిడ్ పనిచేయడం, ఎముకల బలం, కష్టకాలంలో శరీరం తట్టుకోగలగడం అన్నీ దీని అదుపులోనే ఉంటాయి. ఈ గ్రంథికి వచ్చే కణితుల గురించి, ఆ కణితులపై జరిగే వైద్య పరిశోధనల గురించి ఒక మహిళా హక్కుల పత్రికలో రాయాల్సిన అవసరం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. ఇది డాక్టర్ల వ్యవహారంగా మిగిలిపోవడం వల్లే ఆదిలాబాద్ జిల్లా పల్లెల్లో స్త్రీలు నష్టపోతున్నారని నేననుకుంటున్నాను. అందుకే రాస్తున్నాను.

ముందుగా జబ్బు సంగతి. ఈ గ్రంథిలో వచ్చే కణితుల్లో దాదాపు అన్నీ కాన్సరు కానివే. ప్రాణం వెంటనే తియ్యవు. అయితే అవి హార్మోన్లను ఎక్కువగా విడుదల చేయడం వల్లనో, పెరిగి పక్కనున్న కంటి నరాన్ని నొక్కడం వల్లనో మనిషిని కుంగదీస్తాయి. వీటిలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ని అధికంగా తయారుచేసే కణితి. బాలింతకు పాలు పట్టించే హార్మోన్ అదే. కాన్పు లేకుండానే అది పెరిగితే నెలసరి ఆగిపోతుంది, గర్భం నిలవదు, కొందరికి చన్నుల నుంచి పాలు వస్తాయి. పిల్లల్ని కనే వయసు స్త్రీలలో ఈ కణితి మగవాళ్ళలో కంటే చాలా ఎక్కువ. కార్టిసాల్ అనే హార్మోన్ని పెంచే మరో రకం కణితి వస్తే ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, పొట్ట మీద ఎర్రటి ఊదా చారలు పడతాయి, బి.పి., షుగర్ వస్తాయి, మనసు స్థిమితం తప్పుతుంది. ఇదీ స్త్రీలలోనే ఎక్కువ. ఎదుగుదల హార్మోన్ పెరిగే రకంలో చేతులు, పాదాలు మెల్లగా లావెక్కుతాయి. ఏళ్ళుగా వేసుకున్న గాజులు చేతికి ఎక్కవు, మెట్టెలు బిగుసుకుపోతాయి.

ఇప్పుడు ఈ లక్షణాలను మన ఊళ్ళోకి తెచ్చి చూద్దాం. పెళ్ళయిన అమ్మాయికి నెలసరి ఆగితే మొదట నెల తప్పిందని సంబరం. తర్వాత కాదని తేలితే గొడ్రాలన్న పేరు. పాలు కారుతున్నాయని బయటపడితే పెళ్ళికాని పిల్ల శీలం మీద అనుమానం, పెళ్ళయినదైతే బాణామతి చేశారన్న గుసగుస. తలనొప్పి, చూపు మందగించడం బీడీలు చేసే ఆడవాళ్ళకు మామూలే అని సరిపెట్టుకుంటారు. లావెక్కితే తిండి ఎక్కువైందంటారు. ఏడిస్తే, కోప్పడితే గాలి సోకిందంటారు. ఒకే గ్రంథి చేసిన పనికి ఊరంతా కలిసి ఆమె మీద ఇన్ని నేరాలు మోపుతుంది. ప్రతి నేరమూ ఆమె గుణం మీదనో గర్భం మీదనో వచ్చిపడేదే.

నిర్మల్ దగ్గర ఒక ఊళ్ళో బీడీలు చేసే ఒకామె తన ఆరేళ్ళ అనుభవం నాతో చెప్పింది. "గొడ్డుదాన్నన్నరు. మా ఆయనకు ఇంకో పిల్లను సూసిన్రు. పాలు వస్తున్నయని నేను ఎవ్వరికీ చెప్పలె. చెప్తె ఏమంటరో అని భయం. ఒక డాక్టరు గర్భసంచిల లోపమున్నదన్నడు, ఇంకో డాక్టరు కడిగిండు. ఆఖరికి నాగపూర్ల ఒక డాక్టరమ్మ నెత్తురు పరీక్ష చేపిచ్చి, నీ గర్భసంచికి ఏం కాలేదమ్మా, తలకాయల చిన్న గడ్డ ఉన్నది అన్నది. ఇన్నేండ్లు నా తప్పేం లేదని అప్పుడు తెలిసింది." వారానికి రెండుసార్లు వేసుకునే మాత్రతో ఆమెకు నాలుగు నెలల్లో నెలసరి తిరిగి వచ్చింది. పరీక్ష ఒక్కటి. మాత్ర చిన్నది. ఆ రెండూ దొరకడానికి ఆరేళ్ళు, ఒక సవతి భయం, రెండెకరాల మీద తెచ్చిన అప్పు.

ఈ మాత్ర, ఈ పరీక్ష ఎలా వచ్చాయో చూస్తే పరిశోధనకూ స్త్రీలకూ ఉన్న సంబంధం అర్థమవుతుంది. 1912లో అమెరికన్ మెదడు శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ పీయూష గ్రంథి జబ్బుల మీద రాసిన గ్రంథంలో ఇరవైమూడేళ్ళ యువతి శరీరాన్ని వివరించాడు. లావెక్కిన ముఖం, ఆగిపోయిన నెలసరి, చర్మం మీద చారలు. ఆ జబ్బుకు తర్వాత ఆయన పేరే వచ్చింది. నెలసరి ఆగి పాలు కారే స్థితికి కూడా చియారీ, ఫ్రోమెల్, ఫోర్బ్స్, ఆల్బ్రైట్ అంటూ దాన్ని వర్ణించిన డాక్టర్ల పేర్లు పెట్టారు. మనుషుల్లో ప్రొలాక్టిన్ అనే హార్మోన్ విడిగా ఉందని నిర్ధారణ అయ్యింది 1970-71లో. రక్తంలో దాన్ని కొలిచే పద్ధతి వచ్చింది అప్పుడే. 1970ల మొదట్లోనే బ్రోమోక్రిప్టిన్ అనే మందుతో ప్రొలాక్టిన్‌ని తగ్గించవచ్చని తెలిసింది. తర్వాతి కాలంలో కణితి కూడా కుంచించుకుపోతుందని గమనించారు. తలకు ఆపరేషన్ తప్పదనుకున్న చోట మాత్ర సరిపోతుందని తేలడం నిజంగా గొప్ప విషయం. పరిశోధన వద్దని ఎవరూ అనడం లేదు. ఆ ఫలితం అందుకుంటున్న స్త్రీలలో నిర్మల్ స్త్రీ ఒకరు.

1994లో కాబెర్గోలిన్ అనే కొత్త మందును బ్రోమోక్రిప్టిన్‌తో పోల్చి చేసిన పెద్ద అధ్యయనం వచ్చింది. ప్రొలాక్టిన్ పెరిగి నెలసరి ఆగిన 459 మంది స్త్రీలు అందులో పాల్గొన్నారు. కాబెర్గోలిన్ వాడిన వారిలో 83 శాతం మందికి, బ్రోమోక్రిప్టిన్ వాడిన వారిలో 59 శాతం మందికి ప్రొలాక్టిన్ మామూలు స్థాయికి వచ్చింది. అండం విడుదల కావడమో గర్భం రావడమో మొదటి వారిలో 72 శాతానికి, రెండోవారిలో 52 శాతానికి జరిగింది. మందు పడక మానేసిన వారు 3 శాతం, 12 శాతం. ఇవాళ డాక్టర్లు కాబెర్గోలిన్‌ని ముందు రాయడానికి ఇటువంటి ఫలితాలే ఆధారం. ఇది స్త్రీలు తమ శరీరాలతో ఇచ్చిన జ్ఞానం.

అయితే ఆ అధ్యయనం ఏం కొలిచిందో చూడండి: హార్మోన్, అండం, గర్భం. ఇవి ముఖ్యమే. కానీ స్త్రీకి తెలియాల్సినవి ఇంకా ఉన్నాయి. చిన్న కణితులు, అంటే ఒక సెంటీమీటరు కంటే తక్కువవి, వైద్యం చేయకపోయినా చాలావరకు పెరగవని ఏళ్ళ తరబడి గమనించిన పరిశోధనలు చెబుతున్నాయి. పిల్లలు వద్దనుకునే స్త్రీకి, నెలసరి సరిగ్గా వస్తున్న స్త్రీకి మందు అవసరం లేకుండా కేవలం గమనిస్తూ ఉంటే సరిపోవచ్చు. నెలసరి ఏళ్ళ తరబడి ఆగితే మాత్రం ఈస్ట్రోజెన్ తగ్గి ఎముకలు గుల్లబారతాయి కాబట్టి పిల్లలు అక్కర్లేకపోయినా వైద్యం కావాలి. ఈ మాత్రల వల్ల వాంతి వచ్చినట్లుండటం, కళ్ళు తిరగడం మామూలు. కొందరిలో మనసు అదుపు తప్పే పనులు చేయడం కూడా కనిపించింది. పార్కిన్సన్ జబ్బుకు చాలా ఎక్కువ మోతాదులో వాడిన వారిలో గుండె కవాటాలు దెబ్బతిన్నాయని 2007లో బయటపడింది. పీయూష గ్రంథి కణితికి వాడే మోతాదు దానికంటే చాలా తక్కువ. అయినా ఏళ్ళ తరబడి వాడేవారికి ఆ విషయం చెప్పాలి, అవసరమైతే గుండె పరీక్ష చేయించాలి. ఇన్ని సంగతుల్లో ఎన్ని మన ఆస్పత్రుల్లో ఒక స్త్రీకి, ఆమె భాషలో, ఆమెతోనే చెబుతున్నారు? చాలాసార్లు భర్తను లోపలికి పిలిచి "మందు వాడితే పిల్లలు పుడతారు" అని చెప్పి పంపేస్తారు. ఆమె ఎముకలు, ఆమె చూపు, ఆమె ఇష్టం ఆ వాక్యంలో ఉండవు.

స్త్రీని గర్భంగా మాత్రమే చూసే ఈ చూపు ఔషధ పరిశోధనకు కొత్తది కాదు. 1977లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, గర్భం దాల్చే అవకాశమున్న స్త్రీలను తొలి దశ మందుల పరీక్షల నుంచి మినహాయించాలని మార్గదర్శకాలు ఇచ్చింది. పుట్టబోయే బిడ్డ రక్షణ పేరుతో తీసుకున్న ఆ నిర్ణయం వల్ల స్త్రీల శరీరాల్లో మందులు ఎలా పనిచేస్తాయో తెలియకుండానే ఎన్నో మందులు బజారుకు వచ్చాయి. మహిళా ఆరోగ్య ఉద్యమం అడగ్గా అడగ్గా 1993లో దాన్ని సడలించారు. మన రాష్ట్రాల్లో ఇదే చూపు మరో రూపం తీసుకుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశం మొత్తం మీద 3.2 శాతమే. నడుం నొప్పికి, తెల్లబట్టకి కూడా గర్భసంచి తీసే వైద్యం మెదడు అడుగున ఉన్న శనగ గింజ దాకా చూస్తుందని ఎలా ఆశించగలం?

కణితికి వాడే మందు ఆరోగ్యంగా ఉన్న స్త్రీల మీదికి ఎలా వచ్చిందో కూడా మనం గుర్తుంచుకోవాలి. బ్రోమోక్రిప్టిన్ ప్రొలాక్టిన్‌ని తగ్గిస్తుంది కనుక కాన్పు తర్వాత పాలు ఆపడానికి పనికొస్తుందని 1980లో అమెరికాలో అనుమతి పొందింది. పాలు ఇవ్వని బాలింతలు లక్షల్లో ఉంటారు, కణితి ఉన్నవారు కొద్దిమంది. లాభం ఎక్కడుందో చెప్పనక్కర్లేదు. పక్షవాతం, గుండెపోటు, మూర్ఛలు వచ్చినట్టు, బాలింతలు చనిపోయినట్టు ఫిర్యాదులు వచ్చాయి. 1989లో నియంత్రణ సంస్థ ఆ వాడకాన్ని మానుకోమని అడిగినా తయారీదారు శాండోజ్ ఒప్పుకోలేదు. పబ్లిక్ సిటిజన్ అనే వినియోగదారుల సంఘం కోర్టుకెక్కాక 1994లో వెనక్కి తగ్గింది. గట్టి బట్ట కట్టుకుని కొద్ది రోజులు ఓర్చుకుంటే వాటంతటవే ఆగే పాల కోసం వాడిన మందది. మందు అదే. జబ్బుపడిన వారికి మేలు చేసినది, జబ్బు లేని వారిపై వ్యాపారానికి వాడితే ప్రమాదమైంది.

ఇదంతా దూరదేశాల కథ అనుకోవద్దు. మన నేల మీద స్త్రీల మీద, పేదల మీద జరిగిన ప్రయోగాల చరిత్ర మన సంఘాలకు బాగా తెలుసు. 1985లో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగానికి స్త్రీలను పోగుచేస్తున్నారని తెలిసి స్త్రీ శక్తి సంఘటన కార్యకర్తలు వెళ్ళారు. అది ప్రయోగమన్న సంగతే ఆ స్త్రీలకు చెప్పలేదని బయటపెట్టారు. 1986లో స్త్రీ శక్తి సంఘటన, సహేలీ తదితరులు సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. పీయూష గ్రంథికి ఆ ఇంజెక్షన్‌తో సంబంధం లేకపోలేదు. హార్మోన్ గర్భనిరోధకాలు పనిచేసేది ఆ గ్రంథి ఇచ్చే సంకేతాలను ఆపడం ద్వారానే.

2009 జూలైలో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ళ బాలికలకు, అందులో చాలామంది గిరిజన ఆశ్రమ పాఠశాలల పిల్లలకు, గర్భాశయ ముఖద్వార కాన్సర్ రాకుండా హెచ్.పి.వి. టీకా వేశారు. పాథ్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన పని అది. 2010 మార్చిలో ఢిల్లీకి చెందిన సమ సంస్థ తదితరులు భద్రాచలం వెళ్ళి చూసి నిజాలు చెప్పాక, ఏప్రిల్‌లో దాన్ని నిలిపివేశారు. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాల మీద హాస్టలు వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు చేశారని, 1,948 వేలిముద్రలని విచారణలో తేలింది. ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. ఆ మరణాలు టీకా వల్ల కాకపోవచ్చని విచారణ కమిటీ చెప్పింది. టీకా కాన్సర్‌ని నివారిస్తుందని ప్రపంచవ్యాప్త అనుభవం తర్వాత రుజువు చేసింది కూడా. కానీ మన ప్రశ్న టీకా మంచిదా చెడ్డదా అన్నది కాదు. గోండు, కోయ పిల్లల తరఫున వార్డెను సంతకం ఎవరు అడిగారు, ఎవరు ఇచ్చారు? ఇది ప్రయోగం కాదు, ప్రదర్శన ప్రాజెక్టు అని పేరు మార్చి నిబంధనలు తప్పించుకున్నారని 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం తప్పుపట్టింది.

ఉత్తర తెలంగాణ కూడా దీనికి అతీతం కాదు. 2017లో కరీంనగర్ జిల్లా జమ్మికుంట ప్రాంతం నుంచి డబ్బు కోసం యువకులు మందుల పరీక్షలకు నగరాలకు వెళ్ళిన సంగతి, ఒకరి మరణం తర్వాత పత్రికలకెక్కింది. ప్రభుత్వం విచారణకు ఆదేశించింది. పని లేని చోట శరీరమే అద్దెకిచ్చే సరుకవుతుంది.

ఈ రెండు చరిత్రల్ని పక్కపక్కన పెట్టి చూడాలని నా అభ్యర్థన. ఎవరో తయారుచేసిన మందుకు శరీరాలు కావాల్సి వచ్చినప్పుడు పటాన్‌చెరుకు, భద్రాచలానికి, జమ్మికుంటకు దారి దొరుకుతుంది. అదే ఊళ్ళలో స్త్రీలకు ఉన్న జబ్బు ఏమిటో లెక్కపెట్టాల్సి వచ్చినప్పుడు ఆ దారి మూసుకుపోతుంది. అడక్కుండా వాడుకోవడం, అసలు లెక్కలోకే తీసుకోకపోవడం రెండూ ఒకే తిరస్కారానికి రెండు ముఖాలు.

లెక్కపెట్టడం సాధ్యం కాదని ఎవరైనా అంటే రెండు ఉదాహరణలు చెబుతాను. బెల్జియంలో లియేజ్ ప్రాంతంలో డాక్టర్లందరినీ కలుపుకుని, 71,972 మంది జనాభాలో పీయూష గ్రంథి కణితి బయటపడినవారు ఎందరో లెక్కించి 2006లో ప్రచురించారు. 68 మంది తేలారు, అంటే 1,064 మందిలో ఒకరు. అంతకుముందు అనుకున్నదానికంటే ఇది చాలా ఎక్కువ. వారిలో మూడింట రెండొంతుల మంది స్త్రీలు, మూడింట రెండొంతుల కణితులు ప్రొలాక్టిన్ రకం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా జనాభా 27 లక్షల 41 వేలు. అదే నిష్పత్తి ఇక్కడా ఉంటే దాదాపు రెండున్నర వేల మంది, అందులో పదిహేడు వందల మంది స్త్రీలు. ఐరోపా నిష్పత్తి ఇక్కడ అచ్చంగా సరిపోవాలని లేదు. కానీ అది సగమైనా ఎనిమిది వందల పైచిలుకు ఆడవాళ్ళు. వాళ్ళు ఇప్పుడు ఏ పేరుతో బతుకుతున్నారో మనకు తెలుసు.

రెండో ఉదాహరణ మన దేశంలోదే. కణితి కాకపోయినా ఈ గ్రంథికే వచ్చే ఇంకో జబ్బు ఉంది. కాన్పులో రక్తం విపరీతంగా పోతే, గర్భంతో పెరిగి ఉన్న పీయూష గ్రంథికి నెత్తురు అందక చచ్చుబడిపోతుంది. 1937లో గ్లాస్గోలో షీహాన్ అనే వైద్యుడు దీన్ని వివరించాడు. బిడ్డకు పాలు పడవు, నెలసరి తిరిగి రాదు, ఒళ్ళు చల్లబడి నీరసించిపోతుంది. ఏళ్ళ తరబడి బలహీనత అనుకుని చివరికి ఒక చిన్న జ్వరానికే ప్రాణం మీదకు రావచ్చు. ఇంటి కాన్పులు, రక్తహీనత ఎక్కువగా ఉన్న చోట ఇది ఎక్కువ. కాశ్మీర్‌లో జర్గర్, ఆయన సహచరులు ఊళ్ళలో తిరిగి లెక్కించి 2005లో ప్రచురించిన అధ్యయనం, కాన్పయిన ఇరవై ఏళ్ళు దాటిన స్త్రీలలో సుమారు 3 శాతం మందికి ఇది ఉందని అంచనా వేసింది. వారిలో మూడింట రెండొంతులకు దగ్గరగా ఇంట్లో కాన్పయినవారే. కొండలోయల్లో చేయగలిగిన లెక్క నార్నూరు, జైనూరు, ఇంద్రవెల్లిలో ఎందుకు చేయలేం? కాన్పులో బతికి బయటపడిన తల్లిని ప్రభుత్వ లెక్క విజయంగా రాసుకుంటుంది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఆమె ఎలా బతికిందన్నది ఏ రిజిస్టరులోనూ ఉండదు.

మనలోనే కొందరు అడగవచ్చు. పిల్లలు రక్తహీనతతో, తల్లులు కాన్పుల్లో పోతున్న జిల్లాలో, అంబులెన్సు రాని గూడేల్లో, వెయ్యికొకరికి వచ్చే జబ్బు గురించి ఎందుకు? న్యాయమైన ప్రశ్న. దీనికి నా జవాబు, ఇది ఆ పనులకు పోటీ కాదని. ఆశా కార్యకర్త ఇప్పటికే ప్రతి ఇంట్లో "నెలసరి ఎప్పుడు వచ్చింది" అని అడుగుతున్నది. గర్భం నమోదు కోసం అడిగే ఆ ప్రశ్నకు జవాబు "ఆరు నెలలైంది, గర్భం కాదు" అయితే ఆ సంభాషణ అక్కడితో ఆగిపోతున్నది. ఆగకుండా ఇంకో రెండు ప్రశ్నలు చేర్చాలి. పాలు వస్తున్నాయా? తలనొప్పితో పాటు పక్క చూపు తగ్గిందా? కాన్పులో రక్తం బాగా పోయిన స్త్రీని ఇంకొక ప్రశ్న అడగాలి. బిడ్డకు పాలు పడ్డాయా? రక్తంలో ప్రొలాక్టిన్, థైరాయిడ్ పరీక్షలు అరుదైన యంత్రాలు అడిగేవి కావు. ప్రొలాక్టిన్ పెరిగిన ప్రతివారికీ కణితి ఉండదు. గర్భం, బిడ్డకు పాలివ్వడం, థైరాయిడ్ లోపం, మానసిక వ్యాధులకు, వాంతులకు వాడే కొన్ని మందులు కూడా దాన్ని పెంచుతాయి. కాబట్టి పరీక్ష కాగితం చూసి భయపెట్టే పనీ వద్దు, డాక్టరు లేకుండా మాత్రలు అమ్మే పనీ వద్దు. అలాగే ముఖం ఉబ్బిన వారందరికీ కణితి కాదు. నొప్పులకు ఊళ్ళో ఇచ్చే స్టిరాయిడ్ మాత్రలు, సూదుల వల్ల కూడా అదే రూపు వస్తుంది. ఆ రెండోది కూడా మనం పట్టించుకోవాల్సిందే.

మన సంఘాలు చేయగలిగిన పనులు కొన్ని ప్రతిపాదిస్తాను.

ఒకటి, సమాచార హక్కు చట్టం కింద ఉమ్మడి ఆదిలాబాద్‌లోని నాలుగు జిల్లాల వైద్యాధికారులను అడుగుదాం. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచిత పరీక్షల్లో ప్రొలాక్టిన్ ఉందా, ఏడాదిలో ఎంతమందికి చేశారు, కాబెర్గోలిన్ మందుల కొట్టులో ఉందా? ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటి నుంచి ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే వైద్యానికే డబ్బిస్తున్నది. ఈ జబ్బులో ఎక్కువమందికి కావాల్సింది ఆపరేషన్ కాదు, బయటి రోగిగా చేయించుకునే పరీక్ష, స్కానింగు, ఏళ్ళ తరబడి మాత్ర. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు మూడు వందల కిలోమీటర్లు. నిపుణుల దగ్గరకు ఒక్కసారి వెళ్ళి వస్తే పోయే కూలి, చార్జీలు ఎవరు లెక్కలో వేస్తున్నారు?

రెండు, ఆదిలాబాద్ రిమ్స్ వంటి ప్రభుత్వ వైద్య కళాశాలలు తమ పరిశోధనాంశాల్లో దీన్ని చేర్చాలి. పిల్లలు పుట్టలేదని, నెలసరి ఆగిందని వచ్చే స్త్రీలలో ఈ జబ్బులు ఎంతమందికి ఉన్నాయో, తెలియడానికి ఎన్నేళ్ళు పట్టిందో, ఈలోగా ఆమె ఏం కోల్పోయిందో ఆ పరిశోధన అడగాలి. ప్రశ్నావళి తయారుచేసేటప్పుడు తెలుగు, గోండి, లంబాడీ, మరాఠీ మాట్లాడే స్త్రీలు కూర్చోవాలి. "వైవాహిక స్థితి" అని ఒక గడి పెట్టి వదిలేస్తే రెండో పెళ్ళి చేసుకున్న భర్త ఆ గడిలో కనపడడు.

మూడు, ఈ కణితులకు కొత్త మందుల పరీక్షలు వస్తాయి, రావాలి కూడా. వచ్చినప్పుడు మన హక్కులేమిటో కార్యకర్తలకు తెలియాలి. 2009 జూన్ నుంచి మందుల పరీక్షలన్నీ ముందుగా దేశ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు కావాలి. అది ఎవరైనా చూడవచ్చు. 2019 మార్చిలో వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం నైతిక సంఘంలో కనీసం ఏడుగురు ఉండాలి, అందులో ఒక స్త్రీ, ఒక సామాన్యుడు తప్పనిసరి, సగం మంది ఆ సంస్థతో సంబంధం లేనివారై ఉండాలి. పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం హక్కు. పూర్తిగా కొత్త రసాయనాన్ని పేదలు, నిస్సహాయుల మీద పరీక్షిస్తే అంగీకారం తీసుకోవడాన్ని వీడియో తీయాలి. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. ఆ ఒక్క స్త్రీ సభ్యురాలు డాక్టరు గారి బంధువో, సంస్థ ఉద్యోగి భార్యో అయితే ఆ కాగితానికి విలువ లేదు. మన సంఘాల్లోంచి ఆ కుర్చీల్లోకి వెళ్ళేవారు కావాలి. వెళ్ళి, పరీక్ష ముగిశాక ఆ మందు ఆమెకు దొరుకుతుందా, గర్భం రాకూడదన్న షరతు పెడితే ఆ నిర్ణయం ఆమెదా ఆమె భర్తదా, మధ్యలో మానేస్తే మామూలు వైద్యం కొనసాగుతుందా అని అడగాలి.

నాలుగు, అన్నిటికంటే సులువైనది, మన శిక్షణా తరగతుల్లో గర్భాశయం బొమ్మ పక్కన మెదడు బొమ్మ కూడా వేలాడదీయడం. శరీరం గురించి మనమే నడుం కింద దాకా మాట్లాడి ఆపేస్తే, ఆస్పత్రులు అంతకు మించి చూడలేదని నిందించే హక్కు మనకు తగ్గుతుంది.

స్త్రీకి పరిశోధనలో ఉండాల్సిన హక్కులు రెండు. తన జబ్బు లెక్కలోకి రావడం ఒకటి, తనను అడక్కుండా తన శరీరాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం రెండు. ఇన్నాళ్ళూ మన ఉద్యమం రెండోదాని కోసం గట్టిగా కొట్లాడింది, గెలిచింది కూడా. మొదటిదాని కోసం కొట్లాట ఇంకా మొదలుపెట్టాలి. వచ్చే జిల్లా సదస్సు ఎజెండాలో ఈ అంశం చేర్చమని, ఈలోగా మీ మీ మండలాల్లో నెలసరి ఆగిన స్త్రీలతో మాట్లాడి, వారి పేర్లు బయటపెట్టకుండా, వారి అనుభవాలు రాసి పత్రికకు పంపమని కార్యకర్తలందరినీ కోరుతున్నాను.